పడవను ముట్టనని ఒట్టు

లాండ్రీ వెనక గది,
సోమవారం

వదినకు,

ఇక్కడ యుద్ధం మొదలైంది. నీకు చెప్పకుండా ఉండలేను.

ఏటా మన రిజర్వాయరు దగ్గర ట్రయథ్లాన్ అని పెద్ద పోటీ పెడతారు కదా. దాదాపు నాలుగు కిలోమీటర్ల ఈత, ఒళ్ళు ఆరకముందే నూటఎనభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగి నలభైరెండు కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్క రోజులోనే. ఆ వారం హోటళ్ళు నిండిపోతాయి, వాటి దుప్పట్లూ తువ్వాళ్ళూ వచ్చి మన నెత్తిన పడతాయి. మొన్న తడి దుప్పట్ల ట్రాలీ తోస్తూ "ఈసారి నేనూ దిగుతా" అన్నాను. ఉత్తినే అన్నాను, నిజం. సూపర్‌వైజరు విననే విన్నాడు. "వాళ్ళు ఒళ్ళు తుడుచుకున్న తువ్వాళ్ళు ఉతుకు, చాలు. పోటీకి కావలసింది ఒళ్ళు, నోరు కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. మడతల బల్ల దగ్గర పిన్ని కూడా నవ్వింది, మనమనిషి అనుకున్నాను ఆవిణ్ణి.

ఆ మాట నా ఒక్కడికే తగిలిందా వదినా? మురికి చేసేవాడికి ఒళ్ళూ, ఉతికేవాడికి చేతులూ మాత్రమే ఉంటాయా? ఆ సాయంత్రమే ఒక కరపత్రం రాసి సబ్బుల గది గోడకి అంటించాను. "మా బరువు మేమే మోస్తాం" అని పేరు పెట్టాను. మర్నాడు చూస్తే కింద ఎవరో "ముందు ట్రాలీ మొయ్యి" అని రాశారు. అయినా రెండు రోజులకల్లా అందరూ తలో చెయ్యీ వేసి, పోటీ రుసుము కట్టి నా పేరు రాయించేశారు. నవ్వినవాళ్ళే! మనుషుల్లో నిప్పు ఉంటుంది, ఊదేవాడు ఉండాలి.

అసలు విశేషం వేరే. అన్నయ్య కూడా దిగుతున్నాడు! ఇస్త్రీ రోలరు ముందు ఆవిరిలో పొద్దంతా నిలబడి, మాట్లాడమంటే ముక్కుతో "ఊఁ" అనే మనిషి, తనంతట తనే వచ్చి "నేనూ వస్తారా" అన్నాడు. సైకిలు మీద ఆయన్ని పట్టుకోవడం నా తరం కాదు. ఈతే కప్ప ఈత. ఆయన వచ్చేలోపు రెండు కునుకులు తీయవచ్చు.

నీళ్ళలో అక్కడక్కడా వాళ్ళ చిన్న పడవలు తిరుగుతుంటాయి, అలిసిపోయినవాళ్ళ కోసం. నేను అన్నయ్యతో "మనం వాటిని ముట్టం. ముట్టామా, సూపర్‌వైజరు మాట నిజమైపోతుంది" అన్నాను. నవ్వుతూనే ఆయన చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకుని ఒట్టేయించాను. ఒట్ల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. ఆయన మాత్రం చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

నీ నర్సింగు శిక్షణ, మీ కాన్పుల వార్డు ఎలా ఉన్నాయి? అర్థం కాని పెద్ద పుస్తకాలు ఇస్తున్నారా?

నీ మరిది,
నురగ

*

శిక్షణ హాస్టలు, మేడ మీద గది,
శనివారం

నురగ మహాశయునికి,

నీ యుద్ధ ప్రకటన అందింది. మా గదిలో నలుగురం చదువుకుని నవ్వుకున్నాం, కోప్పడకు. మా వార్డులో కొత్తగా పుట్టినవాళ్ళు కూడా నీలాగే పిడికిళ్ళు బిగించి అరుస్తారు. కారణం అడిగితే వాళ్ళకీ తెలియదు.

మీ అన్నయ్య తనంతట తను రాలేదు. నేనే చెప్పాను. ఆదివారం ఫోన్లో ఈ సంగతి చెప్పగానే "వాణ్ణి ఒంటరిగా నీళ్ళలోకి వదలకండి" అన్నాను. ఈ మాట ఆయనకి చెప్పకు, పాపం సరదా పడి వచ్చినట్టు నటిస్తున్నారు. నువ్వేమో ఆయన ఈదుకొచ్చేలోపు కునుకు తీస్తానంటున్నావు. తమ్ముడికి కాపలా వచ్చినవాణ్ణి తమ్ముడే వెక్కిరిస్తే ఎలా?

ఒక సంగతి అడుగుతాను. అలిసినవాడి కోసమే పెట్టిన పడవని అలిసినవాడు పట్టుకుంటే తప్పేమిటి? ఇక్కడ నొప్పులు పడే తల్లులు నా చెయ్యి పట్టుకుంటారు, నా వేళ్ళు కమిలిపోతాయి. వాళ్ళలో ఒక్కరికీ పరువు పోలేదు. ఆ ఒట్టు తీసెయ్యి.

మీ వదిన

*

లాండ్రీ వెనక గది,
గురువారం

వదినా,

నెలల సాధన అయిపోయింది, ఎల్లుండే పోటీ. కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఇవాళ నియమాలు చెప్పడానికి అందర్నీ హోటలు హాల్లో కూర్చోబెట్టారు. కుర్చీల మీద మనం ఉతికిన గుడ్డలే! నేను గుర్తుపట్టాను, మూల దగ్గర అన్నయ్య రోలరు మడత. మైకు పట్టుకున్న ఆయన "పడవ పట్టుకుని సేద తీరవచ్చు, దానితో ముందుకు కదలనంత వరకూ పోటీలోనే ఉన్నట్టు" అన్నాడు. అన్నయ్య నా మోచెయ్యి పొడిచి "అనుమతి ఉందంటున్నారుగా" అన్నాడు. "ఎవరిచ్చిన అనుమతి? దయ చూపించేవాడు ముందు నిన్ను కిందకి చూస్తాడు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరసలు తిరిగి చూశాయి. లేచి వచ్చేశాను. అన్నయ్య కూడా నా వెనకే వచ్చేశాడు. నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. పోటీ అయ్యాక చూపిస్తాను.

భయపడకు. నారింజ రంగు పెద్ద బుడగలు తేలుతూ ఉంటాయి, వాటి చుట్టూ తిరిగి రావడమే. మొదటి బుడగ దాకానే తొక్కిసలాట, మొహాల మీద కాళ్ళు పడతాయి. ఆపైన ఎవడి నీళ్ళు వాడివి, అల తప్ప పలకరించేవాడుండడు. మడతల పిన్ని మాకు చొక్కాల మీద "మా బరువు మేమే మోస్తాం" అని కుట్టి ఇచ్చింది. సూపర్‌వైజరు ఒడ్డు మీద ఉంటాడట. ఉండనీ!

నురగ

*

ఆస్పత్రి,
మంగళవారం

వదిన గారికి,

మొన్న ఆదివారం ఫోను రాలేదని కంగారు పడవద్దు. పోటీ అయింది. నేను పూర్తిచేశాను. అన్నయ్యకి ఈతలో కండరం పట్టేసింది. పడవలో తీసుకొచ్చారు. కాస్త నీళ్ళు లోపలికి వెళ్ళి ఊపిరితిత్తుల్లో చేరాయి, అందుకని ఆస్పత్రిలో ఉంచారు. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పారు. ఆదివారం తనే మీకు ఫోను చేస్తానన్నాడు.

మీకు పరీక్షలు కదా, రానవసరం లేదు. నేను చూసుకుంటున్నాను.

మీ మరిది

*

శిక్షణ హాస్టలు,
ఆదివారం

మరిదికి,

నాకు "గారు" తగిలించావు. అంటే ఏదో పగలగొట్టావన్నమాట.

ఇవాళ ఫోన్లో మీ అన్నయ్య గొంతు గరుకు కాగితంలా ఉంది. "కండరం పట్టింది, అంతే" అన్నారు. నేనేమీ అడగకముందే "వాడి తప్పేం లేదు" అన్నారు. ఎవరి తప్పూ లేని చోట వాడి తప్పు లేదని ఎవరైనా చెప్తారా? పక్కన నువ్వున్నావా అంటే బయటికి వెళ్ళావన్నారు. వారమంతా బయటే ఉంటున్నావట. చూసుకోవడం అంటే అదేనా?

సెలవు అడిగాను, ఇవ్వలేదు. ఇప్పుడు వస్తే మొదటి నుంచి మళ్ళీ చెయ్యాలట. బ్యాగు సర్దుకుంటే మీ అన్నయ్యే "వచ్చావంటే మాట్లాడను" అన్నారు. కాబట్టి నీ కళ్ళతో చూడాలి నేను. చొక్కా మీద ఏం కుట్టించుకున్నావో కూడా రాసినవాడివి, మీ అన్న నీళ్ళలో ఎలా మునిగాడో ఒక్క ముక్కలో తేల్చేశావు. మొత్తం రాయి.

వదిన

*

ఆస్పత్రి వరండా,
బుధవారం

వదినా,

రాస్తాను. చదివి నన్ను పారెయ్యకు.

తొక్కిసలాటలో ఎవరిదో చెయ్యి నా చీలమండ పట్టుకుంది. పోటీలో ఇది మామూలే, అందరూ తన్నుకుంటూనే పోతారు. నేనూ తన్నాను. ఎవరో తెలియదు. ఈదుకుంటూ పోయాను. తర్వాత తెలిసింది, అది అన్నయ్య అని.

ఇంకా ఉంది. ఒడ్డెక్కి సైకిళ్ళ దగ్గరికి పరిగెత్తాను. ఆయన సైకిలు స్టాండు మీదే ఉంది. వెనకబడ్డాడనుకున్నాను. సైకిలు పూర్తిచేసి తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉంది, సీటు మీద తువ్వాలు మడత విప్పకుండా. ఎవర్నైనా అడగవలసింది. బూట్లు మార్చుకుని పరుగు మొదలుపెట్టాను. పొద్దు గూకేవేళకి గీత దాటాను. మెడలో పతకం వేశారు. పేపరతను అడిగితే "ఇది నా ఒక్కడి గెలుపు కాదు, నా తోటివాళ్ళది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు మడతల పిన్ని జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఒరే, మీ అన్న ఆస్పత్రిలో ఉన్నాడురా. పొద్దుటినుంచి నీకు ఎవరూ చెప్పలేదా?" అంది. ఎవరూ చెప్పలేదు పిన్నీ అన్నాను. నేనే అడగలేదని మాత్రం అనలేదు.

పేపర్లో పడిన నా ఫోటో కత్తిరించి సబ్బుల గదిలో నా కరపత్రం పక్కన అంటించారు. లోపలికి వెళ్తే చప్పట్లు. సూపర్‌వైజరు చెయ్యి కలిపి "నా మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. ఈ మాట కోసమే కదా ఇన్ని నెలలు పళ్ళు కొరికాను? తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పతకం సబ్బు పొడి డబ్బా వెనక దాచాను. వాళ్ళు వెతికి తీసి ఫోటో కింద మేకుకి తగిలించారు.

నిన్న ఆ పడవ నడిపిన అమ్మాయి అన్నయ్యని చూడటానికి వచ్చింది. వరండాలో నన్నడిగింది. "తెడ్డు ఆయన చేతికి అందేలా పెట్టాను. పట్టుకోండి పట్టుకోండి అని అరిచాను. మునుగుతూ కూడా తల అడ్డంగా ఊపారు. అంత భయమేంటండీ ఆయనకి, పడవంటే?" చివరికి ఆమే నీళ్ళలోకి దూకి జుట్టు పట్టుకుని లాగిందట.

నేను నిర్ణయించుకున్నాను. జరిగిందంతా కరపత్రం వేస్తాను. "నా సిగ్గు" అని పేరు పెడతాను. గోడకి అంటిస్తాను, అందరూ చదవాలి.

నురగ

*

శిక్షణ హాస్టలు,
శుక్రవారం

నురగకు,

వెయ్యకు. అప్పుడు చప్పట్లు, ఇప్పుడు ఉమ్ములు, రెండూ నీ మొహం మీదే పడాలి నీకు. మీ అన్న మొహం ఆ కాగితంలో ఎక్కడుంది? గోడకి చెప్పుకోవడం సులువు, అది తిరిగి చూడదు.

పడవంటే భయం కాదని ఆ అమ్మాయికి చెప్పవలసింది. నీకు ఒట్ల మీద నమ్మకం లేదు. ఆయనకి ఉంది. పెళ్ళయిన కొత్తలో నా మీద ఒట్టేసి సిగరెట్టు మానేశారు. ఒకరోజు ఎవరో బలవంతాన నోట్లో పెడితే, ఆ పూటంతా నాకు జ్వరం వస్తుందేమోనని నుదురు పట్టుకు చూస్తూ కూర్చున్నారు. నువ్వు ఆయన చెయ్యి నీ నెత్తిన పెట్టించావు. పడవని ముట్టుకుంటే నీకేదో అవుతుందని తల ఊపారు. పెంచినవాడికి ఆ మాత్రం పిచ్చి ఉంటుంది. ఆయన్ని నీళ్ళలోకి పంపింది నేను, కాబట్టి నిన్ను తిట్టే ప్రతి తిట్టులో సగం నాకూ తగులుతోంది. అయినా తిడతాను.

ఇంకొకటి. పోటీకి ముందు నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మొదటి బుడగ దాకానే తొక్కిసలాట, ఆపైన ఎవడి నీళ్ళు వాడివి అన్నావు. నీళ్ళలోంచి తీసింది ఎక్కడని ఫోన్లో మీ అన్నయ్యని అడిగాను. సగం పైన దాటాక అన్నారు. అక్కడ గుంపెక్కడిది?

నిన్ను పట్టుకున్న చెయ్యి ఎవరిదో నీకు తెలియదా?

వదిన

*

ఇల్లు,
సోమవారం

వదినా,

తెలుసు.

చుట్టూ ఎవరూ లేరు. చీలమండ మీద చెయ్యి పడింది. ఆ తర్వాత గొంతు. "ఒరే నురగా" అన్నాడు. అంత పెద్ద నీళ్ళలో నన్ను ఆ ముద్దుపేరుతో పిలిచేది ఇంకెవరు? నన్ను వదలకుండా, తన తరం కాని వేగంతో అంత దూరం నా వెనకే ఈదుకొచ్చాడు. తల తిప్పాను. చూశాను. నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. ఒడ్డు మీద సూపర్‌వైజరు ఉన్నాడని, ముందు కనిపిస్తున్న ఇద్దర్నీ దాటాలని, ఇప్పుడు ఆగితే అయిపోతానని అనుకున్నాను. తన్నాను. ఒకసారి కాదు. వదిలేదాకా తన్నాను.

పడవ దగ్గర్లోనే ఉందిగా, వాళ్ళు చూసుకుంటారు అనుకున్నాను. దాన్ని ముట్టకూడదని ఒట్టేయించినవాణ్ణి నేనే.

ప్రపంచంలో మునిగిపోతున్నవాళ్ళందరి గురించీ రాశాను వదినా. ఒక్కడు నా కాలు పట్టుకుంటే ఓర్చుకోలేకపోయాను.

అన్నయ్య నిన్ననే ఇంటికొచ్చాడు. కొన్ని నెలలు ఆవిరి దగ్గరికి వెళ్ళవద్దన్నారు, మడతల బల్ల దగ్గర పిన్ని పక్కన కూర్చుంటాడట. పొద్దున్న మందు ఇస్తుంటే "నువ్వు తిన్నావా?" అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పాను. అబద్ధాలు ఇప్పుడు దగ్గులా వస్తున్నాయి నాకు.

నన్ను ఏం చెయ్యమంటావో చెప్పు. చేస్తాను.

*

శిక్షణ హాస్టలు,
గురువారం

నీ ఉత్తరం వార్డులో చదివాను, చేతులు కడుక్కునే చోట నిలబడి. ఏం రాయాలో రెండు రోజులు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

ప్రతి ఆదివారం ఆయన నాతో అనే మాట ఒకటే. "వాడికి తెలియదు, నేనని తెలియదు, వాణ్ణి బాధపెట్టకు." ఆ మాటకి ఇకనుంచి నేను "ఊఁ" అనాలా? ఆయనతో బతికేదాన్ని నేను. నీ బరువు నా దగ్గర పెట్టి వెళ్ళిపోకు, నేను మొయ్యను.

ఆయనకి చెప్పు. నీ నోటితో, ఆయన మొహం చూసి. క్షమాపణ పత్రాలూ ఉపన్యాసాలూ వద్దు. నేను వచ్చేలోపు నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. అప్పుడు నువ్వు ఆ ఇంట్లో ఏ మొహంతో ఉంటావో నాకు తెలియదు.

తిను. తిన్నానని చెప్పకు, తిను.

వదిన

*

ఇల్లు,
ఆదివారం

వదినా,

చెప్పాను.

ఇవాళ సెలవు. మధ్యాహ్నం అన్నయ్య మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో వారం రోజులుగా మనసులో రాసుకున్న వాక్యాలన్నీ వదిలేశాను. "అన్నయ్యా, నువ్వు పిలవడం విన్నాను. నువ్వేనని తెలిసే తన్నాను" అన్నాను.

సూది ఆగలేదు. ముడి వేసి, దారం పంటితో తెంపి, "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు తిరిగి చూశావు కదరా. ఈత అద్దాల్లోంచి నీ కళ్ళు కనిపించాయి."

"మరి నాకు తెలియదని వదినతో ఎందుకన్నావు?"

"ఇంకేమనమంటావు? నా తమ్ముడు నన్ను..." దగ్గొచ్చింది. నీళ్ళ గ్లాసు అందించాను. పక్కన పెట్టమని సైగ చేశాడు. దగ్గు తగ్గాక, "పోనీలే. మీ వదినకి మాత్రం చెప్పకు. ఇంట్లో ఉండనివ్వదు నిన్ను" అన్నాడు.

"వదినకి ముందే రాశాను."

అన్నయ్యకి కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు వదినా. నువ్వు చూశావో లేదో. అరవడు. మొహం తెల్లగా అయిపోతుంది.

"నాకంటే ముందా?" అన్నాడు. "ఒక పగలంతా బస్సులో కూర్చుంటే గాని రాని ఊరికి రాయగలిగావు. పక్క మంచం మీదవాడికి చెప్పలేకపోయావా? రోజూ మాత్రలు చేతిలో పెడుతూ, నా మొహంలోకి చూస్తూ! ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. ఆస్పత్రిలో నువ్వు లోపలికి వచ్చిన ప్రతిసారీ నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి, కళ్ళు మూసుకుని ఉంటే నీకు చెప్పడం తేలికవుతుందేమోనని."

నేను కింద పడిన దారం ముక్క తీసి వేలికి చుట్టుకున్నాను.

"అప్పుడేమనుకున్నావు?" అన్నాడు.

"ఎప్పుడు?"

"తన్నేటప్పుడు."

చెప్పడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. భయం వేసిందనవచ్చు, నువ్వూ నేనూ ఇద్దరం మునిగిపోతామనుకున్నాననవచ్చు. నమ్మేవాడు కూడా. "అడ్డం అనుకున్నాను" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

చాలాసేపు ఆ గుండీని వేలితో తిప్పుతూ ఉన్నాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. ఎండలో తిరగవద్దన్నారు, మెట్లు దిగితే ఆయాసం వస్తుంది. తోడు వెళ్దామని నేనూ లేచాను.

"కూర్చో" అన్నాడు.

తిట్టలేదు. ఎవరో కొత్తవాడికి చెప్పినట్టు చెప్పాడు. కూర్చున్నాను. ఒక్కో మెట్టూ దిగడం, మధ్యలో ఆగడం వినిపించింది. కిటికీలోంచి చూడాలనిపించింది గాని చూడలేదు.

ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పలేదు. ఆదివారం కదా, నీకు ఫోను చెయ్యడానికే అయి ఉంటుంది. ఏం చెప్పాడో నీకే తెలియాలి.

ఎండ గోడ మీంచి దిగిపోయింది. నేనింకా ఆ స్టూలు మీదే ఉన్నాను, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. లేవమని ఆయన అనలేదు.

నీ మరిది